కొండ మీది క్వార్టర్ల ముచ్చట



పోయిన వానకాలంల నువ్వు పిల్లలను తీస్కొని సాగర్‌కు వచ్చి, గేట్లెత్తిన నీళ్లు చూసి, ఫొటోలు దిగి, చేపలు తిని, అట్నుంచి అటే మీ ఊరికి పోయినవంట. ఎవరో చెప్తే తెలిసింది. మనసు చిన్నబోయింది చెల్లె. ఆ నీళ్ల పక్కన కొండ మీద ఒక ఊరున్నది, ఆ ఊర్ల అక్కున్నది అని నీకు యాదికి రాలె. పోనీ, ఇప్పుడన్నా వచ్చినవు. ఆ మంచం మీద కూసో, చాయ పెడుత. పాలు కాగేలోపు మా ఊరి పేరు ముచ్చటన్నా చెప్త.

మా ఊరికి ఒక్క పేరు లేదు. బస్సెక్కితే కండక్టరుకు హిల్ కాలనీ అని చెప్తం. ఉత్తరం మీద విజయపురి నార్త్ అని రాస్తం. దూరపు చుట్టాలకు సాగర్ అంటేనే తెలుస్తది. మున్సిపాలిటీ బోర్డు మీద చూస్తే నందికొండ. కొండ ఒక్కటే, పేర్లు నాలుగు. పెండ్లై వచ్చిన కొత్తల నాకు ఇది వింతనిపించేది. ముప్ఫై ఏండ్లు ఈ గాలి పీల్చినంక ఇప్పుడు తెలుస్తున్నది, ఒక్కో పేరు వెనుక ఒక్కో కాలమున్నది.

ముందుగాల నందికొండ సంగతి విను. కృష్ణ ఒడ్డున అది చిన్న పల్లె. ఆ దగ్గర్ల నది కొండల నడుమ ఇరుకుగ పారుతది. డ్యాము కట్టడానికి అంత మంచి జాగ దొరకదని ఇంజినీర్లు తేల్చిన్రు. 1952ల ఖోస్లా కమిటీ వచ్చి చూసినప్పుడు కాగితాల మీద ఉన్న పేరు నందికొండ ప్రాజెక్టే. ఈ ప్రాజెక్టు కావాలని ముక్త్యాల రాజా ఎన్నో ఏండ్లు తిరిగిండు. తర్వాత ప్రాజెక్టుకు ఆచార్య నాగార్జునుని పేరు పెట్టి నాగార్జున సాగర్ అన్నరు. నందికొండ అనే మాట మెల్లగ మరుగున పడ్డది. 2018ల ఈడ మున్సిపాలిటీ చేసినప్పుడు మల్ల అదే పేరు తెచ్చి బోర్డు మీద రాసిన్రు. అరవై ఏండ్ల తర్వాత ఒక చిన్న పల్లె పేరు తిరిగొచ్చిందంటే నాకైతే సంతోషమే చెల్లె.

1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి పునాది రాయి వేసిండు. ఆ రోజు ఈ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, ఆ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రకు రాజధాని కర్నూలు. రెండు వేరే వేరే సర్కార్లు కలిసి మొదలుపెట్టిన పని ఇది. పదకొండు నెలలకు, 1956 నవంబరు 1న, రెండూ కలిసి ఒక్క రాష్ట్రమైంది. అంటే మా కాలనీ పుట్టినప్పుడు నది నడుమ హద్దున్నది, పెరిగినప్పుడు హద్దు లేదు. 2014 జూన్ 2 నుంచి మల్ల హద్దు వచ్చింది. ఇది యాదికి పెట్టుకో, తర్వాత అక్కెరకొస్తది.

పునాది గుర్తుగ నిలబెట్టిన స్తంభాన్ని ఇంగ్లీషుల పైలాన్ అంటరు. దాని దగ్గర కట్టిన ఇండ్లకు పైలాన్ కాలనీ అని పేరొచ్చింది. చదువురాని ముసలోళ్లు కూడ 'మా పైలాన్ల' అని ఎంత సొంతంగ అంటరో! పైన కొండ మీద కట్టింది హిల్ కాలనీ. ఆ ఒడ్డున గుంటూరు దిక్కు కట్టింది విజయపురి సౌత్. అప్పుడు ఇదంత రాళ్లు, తుమ్మలు, అడవి. డ్యాము కట్టాలంటే వేలమంది ఏండ్ల తరబడి ఉండాలె. అందుకే డ్యాముకన్న ముందు ఊరు లేవాలె. రోడ్డు, నీళ్ల ట్యాంకు, బడి, దవాఖాన, క్వార్టర్లు. అమెరికాల హూవర్ డ్యాము కోసం 1931ల ఎడారిల బౌల్డర్ సిటీ అని ఇట్లనే ఊరు కట్టిన్రట. పంజాబుల భాక్రా కోసం నంగల్ టౌన్‌షిప్ లేచింది. మన నల్లగొండ జిల్లకు హిల్ కాలనీ.

ఇగో, చాయ తాగు. శక్కరి సరిపోయిందా?

ఇప్పుడు క్వార్టరు సంగతి. నేను పుట్టింది అచ్చంపేట దిక్కు పల్లె. మన పల్లెలు నీకు ఎరుకే కదా. ఎవలింటికి పోవాలన్నా వాడ చెప్పాలె. వాడ చెప్తే కులం తెలుస్తది, కులం తెలిస్తే ఏ గడప దాక పోవచ్చునో తెలుస్తది. నేను కోడలిగ ఈ కొండెక్కినంక మొదటిసారి వాడలు లేని ఊరు చూసిన. ఈడ ఉన్నయి లైన్లు, నెంబర్లు, టైపులు. నౌకరిని బట్టి క్వార్టరు టైపు. హోదా పెరిగిన కొద్ది ఇల్లు పెద్దగైతది, ముందర జాగ పెద్దగైతది. మా మామ వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగి. చిన్న క్వార్టరు, రెండు అర్రలు, వంటిల్లు, వెనుక కొంచెం దొడ్డి. కుడి దిక్కు ఇల్లు తెనాలోళ్లది. ఎడమ దిక్కు కర్నూలోళ్లది. ఎదురింట్ల దేవరకొండ నుంచి వచ్చిన లంబాడి డ్రైవరన్న, వాళ్ల ఇంటామె. నాలుగు ఇండ్ల నడుమ ఒక్కటే నల్ల.

ఆ నల్ల కాడ నేను నేర్చుకున్నది ఏ బడిల నేర్పరు చెల్లె. తెనాలి పిన్నిగారు గోంగూర నిల్వ పచ్చడి పెట్టుడు నేర్పింది, నేను ఆమెకు సకినాలు సుట్టుడు నేర్పిన. కర్నూలు అక్క జొన్నరొట్టె చేస్తే మా అమ్మ చేసినట్టే ఉండేది, చేతుల సప్పుడు కూడ అదే. సంక్రాంతికి వాళ్లు ముగ్గులేస్తే మేము రంగులు పట్టుకొని నిలబడేది. బతుకమ్మకు మేము తంగేడు పూల కోసం పొద్దున్నే గుట్టల దిక్కు పోతే పిన్నిగారు మాతోని వచ్చేది. ఆమెకు పాటలు రాకపోయేది, చప్పట్లు మాత్రం తప్పకుంట కొట్టేది. కృష్ణల బతుకమ్మను వదిలిపెట్టి వచ్చేటప్పుడు సత్తుపిండి ఆమె కొంగుల కట్టుకొని పోయేది.

అయితే వాడలు లేవు గని టైపులు లేవా? ఉన్నయి. పెద్దసారు ఇంటి పిల్ల మా ఇంటి పిల్లతోని బడిల ఒక్క బెంచి మీద కూసుంటది, సాయంత్రం ఆ గేటు లోపలికి మా పిల్ల పోవాలంటే జంకుతది. అది కూడ ఉన్నదని చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టైతది.

ఇల్లు మాత్రం గట్టిది. రాతి గోడలు. సలికాలం దుప్పటి లెక్క కాపాడతయి. ఎండకాలం పగలంత తాగిన ఎండను రాత్రంత కక్కుతయి. అందుకే మేమంత బయట మంచాలేసుకొని పండేటోళ్లం. లైన్ల వరుసగ మంచాలు, ఒక మంచం మీది ముచ్చట పదో మంచం దాక పాకేది. మా అత్తమ్మ నలభై ఏండ్లు ఆ ఇంట్ల ఉన్నది. దేవుని పటం పెట్టడానికి గోడకు ఒక మేకు కొట్టాలంటే 'సర్కారు గోడ బిడ్డా, జాగ్రత్త' అనేది. పటాన్ని కిటికీ ఊచకు దారంతోని కట్టింది. ఆమె పోయినంక కూడ ఆ దారం నేను విప్పలె.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. నేను ఈ కొండకు కోడలిగ రావడానికి ముప్ఫై అయిదేండ్ల ముందే మా ఇంటి మనిషి ఒకామె ఈడికి వచ్చింది. మా అమ్మమ్మ.

పాలమూరు లేబరు అంటే మన దిక్కు పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. వానలు పడవు, పడ్డా చెరువులు నిండవు, అప్పు తీరదు. గుంపు మేస్త్రి ఊర్లకు వచ్చి ఇంటింటికి అడ్వాన్సు ఇచ్చి పోతడు. ఆ పైసలు పెండ్లికో, దవాఖానకో, పాత బాకీకో అయిపోతయి. ఇగ పేరు రాయించుకున్నోళ్లు మూట కట్టుకొని పోవాలె, మేస్త్రి ఏడికంటే ఆడికి. దేశంల ఎన్ని డ్యాములు, ఎన్ని కాలువలు, ఎన్ని రోడ్ల మీద పాలమూరు చెమట పడ్డదో లెక్క తియ్యలేం. మా అమ్మమ్మ, మా తాత అట్ల మేస్త్రి వెంట సాగర్‌కు వచ్చిన్రు. మా అమ్మ అప్పుడు పాలు తాగే పిల్ల.

మన సాగర్ డ్యాము నడిమి భాగమంత రాతి కట్టడం చెల్లె. దాని పొడుగు 1,450 మీటర్లు. రెండు దిక్కుల మట్టికట్టలు కలుపుకుంటే మొత్తం 4,865 మీటర్లు, అయిదు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఎత్తు 124 మీటర్ల పైచిలుకు. రాతితోని కట్టిన డ్యాములల్ల ప్రపంచంల దీని అంత పెద్దది లేదని చెప్తరు. యంత్రాలతోని కాంక్రీటు పోసుడు వేరు, రాయి మీద రాయి పేర్చి నడుమ సిమెంటు నింపి లేపుడు వేరు. రాయికి మనిషి కావాలె. కొట్టేటోడు, మోసేటోడు, అందించేటోడు, పేర్చేటోడు. ఆడోళ్ల నెత్తి మీద సుట్టబట్ట, దాని మీద తట్ట. వరుసగ, చీమల బారు లెక్క, కట్ట మీదికి. అట్ల వేలమంది చేతులు, వేలమంది నెత్తులు లేపిన గోడ అది.

అమ్మమ్మ చెప్పేది: 'పొద్దున ఎక్కుడు మొదలుపెడితే పొద్దూకిందాక ఎక్కుడూ దిగుడే. మీ అమ్మను చింతచెట్టుకు ఉయ్యాల కట్టి వేసేది. గుట్టల రాళ్లకు తూటాలు పేల్చే ముందు కూత పెడ్తరు. ఆ కూత ఇనంగనే నా పానమంత ఉయ్యాల మీదనే. తట్ట కింద పెట్టి ఉరికితే మేస్త్రి తిడ్తడు. పెట్టకపోతే పిల్ల ఏడుస్తది.' ఎన్నిసార్లు చెప్పినా ఉయ్యాల కాడికి వచ్చేసరికి గొంతు మారేది.

వాళ్లుండేది గుడిసెలల్ల. తడికలు, గోనెసంచులు. క్వార్టర్ల లెక్కలల్ల ఆ గుడిసెలు లేవు. ఏ టైపు కిందికి రావు. పని అయిపోయినంక పీక్కొని పోయిన్రు, గుంజలు పాతిన గుంతలు కూడ మిగల్లె. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ వచ్చి కాలువలకు నీళ్లు వదిలినప్పటికి మా అమ్మమ్మ వేరే రాష్ట్రంల వేరే పని మీద ఉన్నది. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని, కుడి కాలువకు జవహర్ కాలువ అని పేర్లు పెట్టిన్రు. ఎడమ కాలువ నీళ్లతోని మిర్యాలగూడ దిక్కు వరిపొలాలు పచ్చగైనయి. అమ్మమ్మ ఊర్ల చేను మాత్రం వానకే ఎదురుచూసింది.

1996ల, నా పెద్దబిడ్డ పుట్టినంక, అమ్మమ్మ నన్ను చూడడానికి వచ్చింది. బస్సు దిగి హిల్ కాలనీ రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. నేను తీస్కొచ్చిన. మా లైన్ మొదట్ల, ఇంకా ఆరేడు ఇండ్లు అవతల ఉండంగనే, చెప్పులు విడిచి చేతుల పట్టుకున్నది. 'ఎందుకే అమ్మమ్మా, కాళ్లు కాలుతయి' అన్న. 'ఇది దొరల లైను బిడ్డా' అన్నది. 'దొరలు లేరు, ఇది నా ఇల్లు' అని నేనంటే నవ్వింది గని చెప్పులు వేసుకోలె. గడప దాక అట్లనే ఉత్త కాళ్లతోని నడిచింది. ఎవరు ఎప్పుడు ఆమెను ఆ లైన్ల నుంచి వెళ్లగొట్టిన్రో నేను అడగలె, ఆమె చెప్పలె. అడగాల్సి ఉండె చెల్లె. ఆ మాట ఇప్పటికీ నన్ను కొరుకుతది.

సాయంత్రం డ్యాము దిక్కు తీస్కపోయిన. కట్ట మీద మధ్యల 26 గేట్లు, ఒక్కోటి ఒక ఇల్లంత. అమ్మమ్మ గేట్లను చూడలె. 'ఇవి మేము పోయినంక పెట్టినయి' అన్నది. నిజమే, గేట్లు బిగించుడు 1974 దాక పట్టింది. ఆమె కండ్లన్నీ కింద రాతి వరుసల మీదనే. వేలు చూపి ఏదో లెక్కపెట్టుకున్నది. నీళ్ల దిక్కు తిరిగి 'చింతచెట్టు ఆడ ఉండె' అని నడి నీళ్లకు చెయ్యి చూపింది.

మరునాడు లాంచీ ఎక్కి నాగార్జునకొండ పోయినం. ఈడనే నీకు ఇంకో పేరు ముచ్చట చెప్పాలె, విజయపురి. పదిహేడు వందల ఏండ్ల కింద ఇక్ష్వాకు రాజులు ఏలిన రాజధాని అది. ఇప్పుడు నీళ్లున్న లోయలనే ఆ పట్నం ఉండేది. 1926ల సూరపరాజు వెంకటరామయ్య అనే పంతులు ఆడి పాత రాళ్ల సంగతి సర్కారుకు చెప్పిండు. డ్యాము కడితే అంత మునుగుతదని 1954 నుంచి 1960 దాక ఆర్. సుబ్రహ్మణ్యం సారు ఆధ్వర్యంల తవ్వకాలు చేసిన్రు. దొరికిన విహారాలను, స్తూపాలను కొన్నిటిని రాయికి రాయి విప్పి, నీళ్లకు పైన మిగిలే కొండ మీద, అనుపు కాడ మల్ల కట్టిన్రు. 1966ల కొండ మీద మ్యూజియం తెరిచిన్రు. మన దిక్కు ఒడ్డున ఏళేశ్వరం ఊరు కూడ అట్లనే మునిగింది. ఆడ కూడ తవ్వకాలు చేసిన్రు. ఇప్పటికీ శివరాత్రికి జనం లాంచీలల్ల ఏళేశ్వరం గట్టు మీది మల్లన్న కాడికి పోతరు.

ఆ ఇక్ష్వాకుల కాలపు ఆడోళ్ల సంగతి తెలిస్తే నీకు గర్వమనిపిస్తది. రాజులు యజ్ఞాలు చేసుకుంట ఉంటే, బుద్ధుని స్తూపాలకు, విహారాలకు సొమ్ము పెట్టింది ఎక్కువగ ఆ ఇంటి ఆడోళ్లే. శాంతమూల రాజు తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఆమె పేరు ఆ రాళ్ల మీదనే చెక్కి ఉన్నది. బోధిశ్రీ అని ఇంకొకామె, రాణి కాదు, ఉపాసిక. ఆమె ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆ శాసనంల పుట్టింటోళ్లు, అత్తింటోళ్లు, అందరి పేర్లు పెట్టింది. ఆఖరికి ఆ పని చూసుకున్న ముగ్గురు భిక్షువుల పేర్లు రాయించింది. ఇంకా ఆఖరుకు ఆ రాతిపని చేసినాయన పేరు కూడ ఉన్నది. విధికుడు.

ఈ సంగతి నాకు ఆ రోజు తెల్వదు. అమ్మమ్మ పోయిన చాన ఏండ్లకు తెలిసింది. తెలిసిన రాత్రి నిద్ర పట్టలె. పదిహేడు వందల ఏండ్ల కిందటి విజయపురిల ఒక ఆడమనిషి రాయి చెక్కినోని పేరు రాయి మీద పెట్టించింది. అదే లోయల, అదే పేరున్న ఊర్ల, నెత్తి మీద రాళ్లు మోసిన మా అమ్మమ్మ పేరు ఒక్క కాగితం ముక్క మీద లేదు. మేస్త్రి పద్దుల ఉండొచ్చు, వేలిముద్ర కింద. ఆ పద్దు ఏ కట్టెలపొయ్యిల పడ్డదో.

ఇప్పటి సంగతి చెప్త, మల్ల నీకు బస్సు టైమైతది.

డ్యాము పని అయిపోయినంక ఊరు మెల్లగ పలచబడ్డది. డ్యాము కోసం కట్టిన ఊరు కదా, పని ఒడిసినంక ఆఫీసులు కదిలినయి, బదిలీలొచ్చినయి. తెనాలి పిన్నిగారు పోయేనాడు నల్ల కాడ నిలబడి ఏడ్చింది. ఖాళీ క్వార్టర్ల గోడలల్ల రావిచెట్లు మొలిచినయి. కిటికీలు, తలుపులు ఎవరో పీక్కపోయిన్రు. పోకుంట మిగిలినోళ్లు మాలాంటోళ్లు. రిటైరైనంక పోవడానికి సొంతూర్ల ఇల్లు లేదు, ఉన్న ఇల్లు మనది కాదు. 'ఈ గోడ మాదని రాసియ్యుండ్రి' అని మా లైనోళ్లు ఎన్ని దరఖాస్తులు పెట్టిన్రో. ఒక మనిషి పుట్టి, పెరిగి, పెండ్లి చేసుకొని, ముసలై సచ్చిపోయేంత కాలం గడిచినా తాత్కాలికం అనే మాట పోకపోతే ఎట్ల చెల్లె? నా మాటగ చెప్తున్న, ఈ కొండ మీద బతుకంత గడిపినోళ్లకు ఇల్లు తమదేనన్న ధీమా ఉండుడు దయ కాదు, హక్కు.

కొత్త రాష్ట్రమొచ్చినంక డ్యాము నడుమ కనపడని గీత పడ్డది. 26 గేట్లల్ల 13 ఇటు, 13 అటు అని లెక్క. 2023 నవంబరు 30న, మన దిక్కు అసెంబ్లీకి ఓట్లేసే రోజే, తెల్లారి లేచి చూస్తే, రెండు రాష్ట్రాల నీళ్ల పంచాయితితోని, డ్యాము మీద ముండ్ల కంచె. తర్వాత కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాసినయి. ఆ రోజు విజయపురి సౌత్ నుంచి ఒక దోస్తు ఫోన్ చేసి 'వదినా, మనం మాట్లాడుకోవచ్చా?' అని అడిగింది. నేను 'పిచ్చిదానా, బియ్యం కడుగుతున్న, చెప్పు' అన్న. నీళ్ల పంచాయితి నాకు చిన్నగ అనిపించదు, పాలమూరు బిడ్డను, నీళ్ల విలువ నాకు ఎరుకే. అది పెద్దోళ్లు కూసొని లెక్క తేల్చుకోవాల్సిన పంచాయితి. ఆ ఒడ్డు మనుషులు మాత్రం మాకు పక్కింటోళ్లు.

నీళ్ల మాటొచ్చింది కాబట్టి ఇది కూడ విను. ఈ జలాశయం నుంచే పుట్టంగండి కాడ నీళ్లెత్తి అక్కంపల్లికి పంపుతరు, ఆడి నుంచి హైదరాబాద్ నల్లలకు పోతయి. నీ బిడ్డ హాస్టల్ల గ్లాసు పట్టి తాగే నీళ్లల్ల మా సాగర్ నీళ్లుంటయి. అయితే ఆ నీళ్లకు పక్కనే, మన నల్లగొండ ఊర్లల్ల, ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయి, నడుములు పట్టేసి ఎంతమంది బతికిన్రో నీకు చెప్పాల్సిన పని లేదు. కొండ మీది నల్ల తిప్పినప్పుడల్ల ఆ వంకర కాళ్లు నా కండ్ల ముందర కదలాడేటియి.

ఊరి మొఖం ఇప్పుడు మల్ల కొంచెం కళగట్టింది. 2022 మే 14న బుద్ధవనం అనే బౌద్ధ పార్కు తెరిచిన్రు, 274 ఎకరాలల్ల. 2025ల బుద్ధపూర్ణిమకు ప్రపంచ సుందరి పోటీల పిల్లలు కూడ వచ్చి దీపాలు పెట్టిన్రు. చూడడానికి మంచిగుంటది, శిల్పాలు కూడ బాగున్నయి. పిల్లలను తీస్కపో. అయితే బుద్ధవనం గేటు కాడికి వచ్చే బస్సులు అట్నుంచి అటే తిరిగి పోతున్నయి. కాలనీ లైన్లల్లకు ఒక్కరు రారు. వస్తే ఏమున్నది చూడడానికి అంటరు. రాతి గోడ ఉన్నది, ఒక్కటే నల్ల ఉన్నది, ఆ నల్ల కింద నలభై ఏండ్ల బిందెలు అరగదీసిన బండ ఉన్నది. బిందె అడుగు సరిగ్గ పట్టేటంత గుంత పడ్డది ఆ బండల. నడుమ చెయ్యి పెట్టి చూడు, నున్నగ, అరచేతి లెక్క ఉంటది.

మా చిన్నోడు ఆ గుంత ఫొటో తీసి పెట్టుకున్నడు. రేపు ఈ క్వార్టర్లు కూలగొట్టినా, మల్ల కట్టినా, ఆ బండను మాత్రం నేను ఇంటికి తెచ్చుకుంట. తెనాలి పిన్నిగారి బిందె, కర్నూలు అక్క బిందె, మా అత్తమ్మ బిందె, నాది, అన్నీ తొలిచిన గుంత అది.

ఇగ లేస్తవా? ఆగు, సకినాలు కొన్ని కట్టిస్త, పిల్లలకు.

చెల్లె, ఒక్క పని చెయ్యి నా కోసం. మీ అత్తగారింట్ల ఒక ముసలామె ఉన్నదని చెప్పినవు కదా, చిన్నప్పుడు మేస్త్రి వెంట పనులకు పోయిందని. ఇంటికి పోయినంక ఆమె పక్కన కూసొని అడుగు, ఏ డ్యాముకు పోయిందో, ఏ కాలువకు మట్టి మోసిందో, ఏ ఏడు పోయిందో, పిల్లలను ఏడ వేసిందో. అడిగింది ఒక నోటుబుక్కుల రాయి, మీద ఆమె పేరు పెద్దగ రాయి, ఇంటి పేరుతోని సహా. నాకు ఫోన్ చేసి చదివి వినిపించు. నేను మా అమ్మమ్మ పేరు నా నోటుబుక్కుల మొదటి పేజీలనే రాసుకున్న.